రెండు జీబీల గోడ: మాడ్‌లు ఎక్కించిన ఆటలు మధ్యలో ఎందుకు పడిపోయేవి



పోస్టు పొడుగుంటది, ముందే చెప్తున్నాం. ఈ మధ్య ఒక తమ్ముడు మమ్మల్ని ఒక మాట అడిగాడు. "అన్నా, నా పాత సిస్టంలో ఆటకు మాడ్‌లు వేస్తే మధ్యలో క్లోజ్ అయిపోతుంది. ఇంకో ర్యామ్ వేయిస్తే సరిపోతదా?" అని. ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు. కానీ ఇదే ప్రశ్నకు తప్పు జవాబు నమ్మి మేము ఒకసారి డబ్బులు పోగొట్టుకున్నాం, అంతకంటే ఎక్కువగా మాలో ఒకడి మనసు విరగ్గొట్టాం. అందుకని మొదటి నుంచి చెప్తాం.

2015లో హనుమకొండలో ఒక రేకుల గదిలో ఐదుగురం ఉండేవాళ్లం. నలుగురం డిగ్రీ, ఒకడు ఇంటర్. వాణ్ణి చిన్నోడు అనే పిలిచేవాళ్లం, ఇక్కడా అట్లనే రాస్తాం. ఎంటీఎఫ్ డబ్బులు పడినప్పుడు తలా కొంత వేసి సెకండ్ హ్యాండ్ సిస్టం కొన్నాం. కోర్ టూ డ్యుయో ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 1 జీబీ గ్రాఫిక్స్ కార్డు, విండోస్ 7. పగలు ఆన్‌లైన్ అప్లికేషన్లు, టైపింగ్ ప్రాక్టీస్. రాత్రి స్కైరిమ్. ఆ ఆటలో మంచు కొండలు, అడవులు, వాగులు ఉంటాయి. మాకు నచ్చింది కత్తియుద్ధం కాదు, నిజం చెప్పాలంటే ఆ అడవిలో ఊరికే తిరగడమే. చిన్నోడు దానికి మాడ్‌లు వేసేవాడు. చెట్లు ఇంకా దట్టంగా, నీళ్లు ఇంకా నిజంగా, రాళ్ల మీద నాచు కనిపించేలాగ. ఆట తయారుచేసిన కంపెనీ కాకుండా ఆడేవాళ్లే తయారుచేసి అందరికీ పంచే మార్పులను మాడ్‌లు అంటారు, ఇది మీకు తెలిసిందే.

ఇరవై మాడ్‌ల దాకా బాగానే నడిచింది. నలభై దాటాక మొదలైంది. గుర్రం మీద పోతుంటే తెర ఒక్క క్షణం ఆగి, ఆట మాయమై డెస్క్‌టాప్ కనిపించేది. ఎర్రర్ లేదు, మెసేజ్ లేదు. రిపేరు షాపుకు తీసుకెళ్తే ఆయన మూత విప్పి చూసి "ర్యామ్ చాలట్లేదు" అన్నాడు. రెండు వేలకు కొంచెం తక్కువ పెట్టి ఇంకో 4 జీబీ స్టిక్ వేయించాం. మొత్తం 6 అయింది కదా అని సంబురంగా తెచ్చుకుంటే, ఆ రాత్రే మళ్లీ అదే కొండ దగ్గర అట్లనే పడిపోయింది. అప్పుడు మేం నలుగురం కలిసి తేల్చిన సంగతి ఏంటంటే, చిన్నోడే ఏదో వైరస్ ఎక్కించాడు. "నేనేం చేయలేదన్నా" అని వాడు ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. వాడు రెండు నెలలు ఆ సిస్టం ముట్టలేదు. టైపింగ్ కూడా మానేశాడు.

వాడి తప్పు ఏమీ లేదు. తప్పు 1993 నాటిది, దాని వేరు ఇంకా వెనక్కి, 1978 దాకా పోతుంది.

ముందు ఒక చిన్న లెక్క. ఓఎంఆర్ ఫారంలో పేరు రాసే గడులు గుర్తున్నాయా? మనలో ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు కలిపి రాస్తే గడులు అయిపోయి చివరి అక్షరాలు బయట మిగిలినవాళ్లు చాలామంది ఉన్నారు. కాగితం మీద ఇంకా జాగా ఉంటుంది, అయినా గడి లేదు కాబట్టి రాయడానికి వీల్లేదు. కంప్యూటర్ మెమరీలో కూడా అంతే. ర్యామ్‌లో ప్రతి బైటుకూ ఒక నంబర్ ఉండాలి, దాన్ని అడ్రస్ అంటారు. ఆ నంబర్ రాసుకోవడానికి ప్రాసెసర్‌కు, ప్రోగ్రాంకు ఇన్ని గడులు అని ముందే నిర్ణయం అయిపోయి ఉంటుంది. ఒక్కో గడిలో 0 లేదా 1 మాత్రమే. 16 గడులుంటే 65,536 అడ్రస్‌లు. 20 గడులుంటే 10,48,576. 32 గడులుంటే 4,29,49,67,296, అంటే 4 జీబీ. ఆ తర్వాత నువ్వు ఎంత ర్యామ్ తెచ్చి గుచ్చినా, దానికి రాయడానికి నంబర్ లేదు. ర్యామ్ వేరు, అడ్రస్ వేరు. షాపాయన చెప్పనిది ఈ ఒక్క ముక్కే.

ఇంటెల్ 8086 చిప్ 1978లో వచ్చింది. దానికి 20 అడ్రస్ గడులు, కాబట్టి 1 ఎంబీ. 1981 ఆగస్టులో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను దాని తమ్ముడు 8088 మీద కట్టింది. ఆ 1 ఎంబీలో పైన 384 కేబీని తెరకు, ఇతర యంత్ర భాగాలకు ఉంచి, కింద 640 కేబీ ప్రోగ్రాంలకు ఇచ్చారు. 640 కేబీ ఎవరికైనా చాలని బిల్ గేట్స్ అన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. తాను ఆ మాట అననేలేదని ఆయన చెప్పాడు, అన్నట్టు ఆధారం కూడా ఎవరూ చూపించలేదు. ఎవరన్నా, అనకపోయినా, ఆ గీత మాత్రం పదిహేనేళ్లు అందర్నీ సతాయించింది. 386 చిప్ 1985లోనే 32 గడులతో వచ్చింది. అయినా డాస్ మాత్రం పాత 640 కేబీ లోకంలోనే బతికింది, ఎందుకంటే పాత ప్రోగ్రాంలు నడవాలి. మెషీన్‌లో 4 ఎంబీ ఉన్నా ఆట మాత్రం 640 కేబీలో చోటు చాలక ఆగిపోయేది. మౌస్ డ్రైవర్ కొంత, సౌండ్ కార్డు డ్రైవర్ కొంత, సీడీ డ్రైవర్ కొంత తినేసేవి. అప్పటి పిల్లలు కాన్ఫిగ్ డాట్ సిస్, ఆటోఎగ్జెక్ డాట్ బ్యాట్ అనే ఫైళ్లు తెరిచి, ఏ డ్రైవర్‌ను పై మెమరీకి తోయాలో లైను లైనుగా మార్చుకునేవాళ్లు. ఒక్కో ఆటకు ఒక్కో బూట్ ఫ్లాపీ చేసి పెట్టుకునేవాళ్లు. ఇవాళ చిన్నోళ్లు మాడ్‌ల వరుస సరిచేసుకున్నట్టే అనుకోండి.

1993 డిసెంబర్ 10న డూమ్ వచ్చింది. మాడ్‌ల చరిత్రలో ఈ తేదీ దాటి పోలేం. ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్లు రెండు పనులు చేశారు. ఒకటి, డాస్/4జీడబ్ల్యూ అనే ఎక్స్‌టెండర్ కలిపి ఆటను 32 గడుల పద్ధతిలో నడిపించారు, దాంతో 640 కేబీ గోడ పోయింది, 4 ఎంబీ ఉంటే చాలు. రెండోది మనకు ముఖ్యం. ఆట ఇంజన్‌ను, ఆటలోని బొమ్మలు, శబ్దాలు, లెవెల్స్‌ను విడదీసి, రెండోదాన్ని వాడ్ అనే ఫైల్‌లో పెట్టారు. ఎవరైనా తమ సొంత వాడ్ చేసి ఆటకు తగిలించొచ్చు. జనం విరగబడి చేశారు. చేసినకొద్దీ ఇంకో గోడ తగిలింది. డూమ్ నేలలు, పైకప్పులు గీయడానికి విజ్‌ప్లేన్ అనే లెక్క వాడుతుంది. ఒక చూపులో అవి 128కి మించితే "నో మోర్ విజ్‌ప్లేన్స్" అని రాసి ఆట డాస్‌లోకి పడిపోయేది. మెమరీ ఉంది, ప్రాసెసర్ ఉంది, కానీ తయారుచేసినవాళ్లు 128 గడులే గీశారు. వాళ్ల సొంత లెవెల్స్‌కు అది చాలు. బయటివాళ్లు ఇంత విశాలమైన మైదానాలు కడతారని వాళ్లు ఊహించలేదు. 1997 డిసెంబర్‌లో డూమ్ సోర్స్ కోడ్ అందరికీ ఇచ్చేశారు. మరుసటి ఏడాదే టీమ్ టీఎన్‌టీ అనే బృందం బూమ్ అనే ఇంజన్ చేసి ఆ గీతలను తీసేసింది. కోడ్ చేతికి ఇస్తే గోడ కూలడానికి ఎంతో కాలం పట్టలేదు. ఇవ్వకపోతే ఏమవుతుందో స్కైరిమ్ దగ్గర చూస్తాం.

మధ్యలో మనందరికీ తెలిసిన ఒక ఉదాహరణ. నెట్ సెంటర్‌లో గంటకు ఇంత అని కట్టి శాన్ ఆండ్రియాస్ ఆడినవాళ్లు చేతులెత్తండి. మేం ఆడిన చోట ఎవరో అందులోకి ఒక ఎర్ర బస్సు ఎక్కించి పెట్టారు, అచ్చం మన పల్లెవెలుగు బస్సే. ఎక్కి రెండు వీధులు తిప్పేసరికి రోడ్డు మాయం. బిల్డింగులు మాయం. బస్సు మాత్రం మెరుస్తూ గాల్లో తేలుతుండేది, కింద నీలం రంగు. సెంటర్ ఓనరు "మీరు స్పీడుగా పోతున్నరు, అందుకే" అనేవాడు. అది కాదు. ఆ ఆట మొదట పీఎస్2 కోసం తయారైంది, ఆ మెషీన్‌లో మెయిన్ మెమరీ మొత్తం 32 ఎంబీ. అంత పెద్ద రాష్ట్రాన్ని 32 ఎంబీలో పెట్టలేరు కాబట్టి, నువ్వు పోయే దారిలో కొంచెం కొంచెం లోపలికి తెచ్చి, వెనకది బయట పారేస్తుంది. ఆ పనికి ఇంత జాగా అని ఒక లెక్క ఆటలోనే రాసి ఉంది. పీసీలో 1 జీబీ ఉన్నా లెక్క మారదు. ఎవరో చేసిన బస్సు మీద పెద్ద పెద్ద బొమ్మలు అంటించి ఉంటే, ఆ జాగానంతా బస్సే తినేస్తుంది, రోడ్డుకు చోటుండదు. తర్వాత మాడర్లు ఆ లెక్కను పెంచే లిమిట్ అడ్జస్టర్లు చేశారు.

ఇప్పుడు రెండు జీబీల గోడ. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ 32 గడుల పద్ధతి. ప్రతి ప్రోగ్రాంకూ నంబర్లు 4 జీబీ దాకా ఉంటాయి. మైక్రోసాఫ్ట్ వాళ్లు దాన్ని సగానికి కోశారు. కింది 2 జీబీ ప్రోగ్రాంకు, పై 2 జీబీ విండోస్‌కు. అప్పుడు మెషీన్లలో ర్యామ్ 8, 16 ఎంబీలు ఉండేది. రెండు జీబీలు అంటే సముద్రం. అభ్యంతరం చెప్పేవాళ్లు ఎవరు? పైగా ఈ కోత వల్ల ప్రోగ్రాం అడ్రస్‌లో మొదటి గడి ఎప్పుడూ 0గానే ఉంటుంది. కొంతమంది ప్రోగ్రామర్లు ఖాళీగా ఉంది కదా అని ఆ గడిని తమ సొంత గుర్తులకు వాడుకున్నారు. అందుకే తర్వాత రోజుల్లో 2 జీబీకి మించి ఇవ్వాలన్నా విండోస్ నేరుగా ఇవ్వదు. "నాకు పెద్ద అడ్రస్‌లు తెలుసు, ఆ మొదటి గడితో నేను ఆటలాడను" అని ప్రోగ్రాం ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు ఎక్కడుందంటే, ఎక్స్ఈ ఫైల్ మొదట్లో ఒకే ఒక్క బిట్. లార్జ్ అడ్రస్ అవేర్ అంటారు. ఆ బిట్ 1 అయితే, 64 బిట్ విండోస్ మీద 32 బిట్ ప్రోగ్రాంకు పూర్తి 4 జీబీ ఇస్తుంది. 0 అయితే 2 జీబీ. నీ మెషీన్‌లో 64 జీబీ ర్యామ్ ఉన్నా సరే.

మా గది సంగతి ఇంకా పైది. మా విండోస్ 7 కూడా 32 బిట్‌దే. అది మొత్తం 4 జీబీకి మించి చూడదు, అందులోనూ గ్రాఫిక్స్ కార్డు, ఇతర భాగాలకు అడ్రస్‌లు పోగా మూడు చిల్లర జీబీలే వాడుతుంది. కంప్యూటర్ ప్రాపర్టీస్ తెరిస్తే "6 జీబీ, ఇందులో వాడగలిగేది 3 పాయింట్ ఎంతో" అని అక్కడే రాసి ఉంది. రోజూ చూసేవాళ్లం. చదవలేదు. రెండు వేల రూపాయల స్టిక్‌లో ముప్పాతిక వంతు ఊరికే కూర్చుంది.

స్కైరిమ్ 2011 నవంబర్ 11న వచ్చింది. అప్పటికి 64 బిట్ ప్రాసెసర్లు వచ్చి ఎనిమిదేళ్లు. ఏఎండీ వాళ్ల ఆప్టెరాన్ 2003లోనే వచ్చింది. అయినా ఆట 32 బిట్‌లోనే వచ్చింది, ఎందుకంటే అది ముఖ్యంగా ఎక్స్‌బాక్స్ 360, పీఎస్3ల కోసం. ఎక్స్‌బాక్స్ 360లో మెమరీ మొత్తం కలిపి 512 ఎంబీ. పీఎస్3లో 256, 256గా విడగొట్టిన 512. అందులో ఇరికించిన ఆటకు పీసీలో 2 జీబీ అంటే నాలుగింతలు, ఇంకేం కావాలి అనుకుని ఉంటారు. ఇందులో మాకు కోపం ఏమీ లేదు. మాడ్‌లు తమ ఆటకు ప్రాణం అని తెలిసిన కంపెనీ బెథెస్డా, 2002లో మారోవిండ్ డబ్బాలోనే మాడ్‌లు చేసే పరికరం పెట్టి ఇచ్చింది. అలాంటివాళ్లు ఆ ఒక్క బిట్ వేయకుండా ఆటను విడుదల చేయడం మాత్రం మాకు ఇప్పటికీ వింతే. ఆడేవాళ్లు ఊరుకోలేదు, నెల తిరక్కముందే ఎక్స్ఈ ఫైల్ తెరిచి తామే ఆ బిట్ మార్చుకున్నారు. డిసెంబర్‌లో కంపెనీ కూడా ప్యాచ్‌లో మార్చింది. 2012 ఫిబ్రవరిలో క్రియేషన్ కిట్ ఇచ్చింది, దాంతోపాటే హై రిజల్యూషన్ బొమ్మల ప్యాక్ కూడా ఉచితంగా ఇచ్చింది. అంటే గోడను కొంచెం జరిపి, వెంటనే లోపలికి సామాను తోసింది.

ఆ సామాను బరువెంతో చూద్దాం. ఆటలో రాయి, చెట్టు బెరడు, గోడ, ప్రతిదాని మీదా ఒక బొమ్మ అంటించి ఉంటుంది, టెక్స్‌చర్ అంటారు. 1024 బై 1024 చుక్కల బొమ్మను కుదించి పెడితే సుమారు 1 ఎంబీ. 2048 అయితే 4 ఎంబీ. 4096 అయితే 16 ఎంబీ. దూరం నుంచి చూడ్డానికి చిన్న కాపీలు కూడా ఉండాలి, వాటికి ఇంకో మూడో వంతు, అంటే 21 దాటింది. గరుకుతనం చూపించడానికి ఇంకో బొమ్మ జతగా ఉంటుంది, అదీ అంతే సైజు. ఒక్క రాయికి 40 ఎంబీలు! చిన్నోడు వేసినవన్నీ ఫోర్‌కే బొమ్మలే, ఎందుకంటే డౌన్‌లోడ్ పేజీలో అవే అందంగా కనిపించేవి. మా మానిటర్‌లో ఆ తేడా కనపడదు.

"బొమ్మలు గ్రాఫిక్స్ కార్డులో ఉంటాయి కదన్నా, ఆట మెమరీ ఎందుకు తింటాయి" అని అడుగుతారు. మంచి ప్రశ్న. స్కైరిమ్ వాడేది డైరెక్ట్ఎక్స్ 9. అందులో కార్డుకు పంపిన బొమ్మకు ఒక నకలు మామూలు మెమరీలోనూ ఉంచుకునే పద్ధతి ఉంది, కార్డులోది పోతే మళ్లీ పంపడానికి. కాబట్టి బొమ్మ కార్డులో ఎంతుంటే ఆట నంబర్లలో కూడా దాదాపు అంత తింటుంది.

ఇంకో చెడ్డ సంగతి, నంబర్లు పూర్తిగా అయిపోకముందే ఆట పడిపోతుంది. హాస్టల్ హాల్లో చాపలు వేసుకుని పడుకోవడం గుర్తు తెచ్చుకోండి. అందరూ అడ్డదిడ్డంగా పడుకుంటే, ముగ్గురికి సరిపోయే జాగా ఉంటుంది గానీ ఇక్కడ జానెడు, అక్కడ మూరెడు. కొత్తగా వచ్చినోడు చాప పరచలేడు. మెమరీ కూడా గంటసేపు ఆడేసరికి అట్ల ముక్కలు ముక్కలవుతుంది. పెద్ద బొమ్మకు వరుసగా చోటు కావాలి. దొరకదు. అడిగితే విండోస్ "లేదు" అంటుంది. ఆ "లేదు"ను ఎలా తీసుకోవాలో ఆటలో రాయలేదు. అంతే, డెస్క్‌టాప్.

ఐఎన్ఐ ఫైల్‌లో యూగ్రిడ్స్‌టులోడ్ అని ఒక లైన్ ఉంది. మామూలుగా 5. అంటే నీ చుట్టూ 5 ఇంటూ 5, 25 గళ్ల నేల పూర్తిగా లోపల ఉంటుంది. దూరం బాగా కనపడాలని మేం దాన్ని 9 చేశాం, అది చేసింది చిన్నోడు కాదు, మాలో పెద్దోడు. 9 ఇంటూ 9 అంటే 81. మూడింతలకు పైగా బరువు. వైరస్ అన్నది ఎవరో, పెట్టింది ఎవరో చూడండి.

ఆ రెండు నెలల్లో చిన్నోడు సిస్టం ముట్టలేదు గానీ, ఫోన్‌లో చదువుతూనే ఉన్నాడంట. రాత్రి లైటు తీసేశాక దుప్పటి కింద. ఇంగ్లీషులో ఉన్నదాన్ని మాట మాట వెతుక్కుంటూ ఒక నోటుబుక్‌లో రాసుకున్నాడు. ఒక ఆదివారం మేం అన్నం వండుతుంటే ఆ బుక్ తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు. "అన్నా, మన విండోస్ మార్చాలె, ర్యామ్ కాదు" అన్నాడు. మా ప్రాసెసర్ 64 బిట్‌ను నడపగలదు, మేం వేసుకున్నదే 32 బిట్ విండోస్. మార్చాం. 6 జీబీ మొత్తం కనిపించింది, ఆటకు 4 జీబీ దాకా దారి దొరికింది.

మళ్లీ పడిపోయింది. కాకపోతే ఈసారి మేం వాణ్ణి అనలేదు.

రెండో గోడ ఆట లోపలే ఉంది. స్కైరిమ్ మొదలవగానే తన సొంత పనులకు ఒక 256 ఎంబీ బ్లాక్ తీసుకుంటుంది. అది నిండాక రెండో బ్లాక్ కోసం పోయే దగ్గర చాలామందికి ఆట పడిపోయేది. మొత్తం మెమరీ వాడకం 3 జీబీ కూడా దాటలేదు, అయినా ఈ 256 నిండితే చాలు. మూడేళ్లు జనం మాడ్‌లను, కార్డును, ఒకరినొకరు తిట్టుకున్నారు. కంపెనీ 2013లోనే ఆ ఆటకు ప్యాచ్‌లు ఆపేసింది. సోర్స్ కోడ్ ఇవ్వలేదు. 2014లో ఒక మాడర్ ఆ ఎక్స్ఈని బయట నుంచే విప్పి చూసి సంగతి పట్టుకున్నాడు. మొదట్లోనే పెద్ద బ్లాక్ అడిగేలా మార్చాడు. అది ఎస్‌కేఎస్ఈ అనే ఉచిత పరికరంలో కలిసింది. ఐఎన్ఐలో రెండు లైన్లు, ఒకటి 768, ఇంకోటి 256. 768లోంచి 256 పోగా మొదటి బ్లాక్ 512 అవుతుంది. రెండే లైన్లు. ప్రపంచమంతా లక్షల మంది ఆ రెండు లైన్లు టైపు చేసుకున్నారు, హనుమకొండ రేకుల గదిలో చిన్నోడు కూడా నోటుబుక్ చూసి టైపు చేశాడు.

ఇంకో తెలివైన పని ఈఎన్‌బీ వాళ్లది. డైరెక్ట్ఎక్స్ 9 దాచే బొమ్మల నకళ్లను ఆట మెమరీలోంచి తీసి, పక్కన ఈఎన్‌బీహోస్ట్ అనే వేరే ప్రోగ్రాం నడిపి అందులో దాచిపెట్టడం. ఒక ఇంట్లో చోటు లేకపోతే సామాను పక్కింట్లో పెట్టుకున్నట్టు. వేరే ప్రోగ్రాం కాబట్టి దానికి వేరే నంబర్లు. చట్టం దాటలేదు, గోడా పగలగొట్టలేదు, అయినా సామాను పట్టింది. ఈ మొత్తం చరిత్రలో మాకు బాగా నచ్చిన ఎత్తు ఇదే.

2016 అక్టోబర్ 28న స్పెషల్ ఎడిషన్ 64 బిట్‌లో వచ్చింది. విండోస్ 7 మీదే 64 బిట్ ప్రోగ్రాంకు 8 టీబీ దాకా నంబర్లు. రెండు జీబీల గోడ కథ అక్కడితో అయిపోయింది. మరి మాడ్‌ల కష్టం అయిపోయిందా? లేదు. ఆటలో ప్రతి వస్తువుకూ ఎనిమిది అంకెల హెక్సా నంబర్ ఉంటుంది, అందులో మొదటి రెండంకెలు ఏ ఫైల్‌లోంచి వచ్చిందో చెప్తాయి. రెండు హెక్సా అంకెలంటే 256. ఒకటి ఆట తనకు ఉంచుకుంటుంది. కాబట్టి ప్లగిన్లు 255కి మించి వేయలేవు. మళ్లీ గడులే! 2017లో లైట్ ప్లగిన్ అనే పద్ధతి తెచ్చారు, చిన్న చిన్న మాడ్‌లన్నీ కలిసి ఎఫ్ఈ అనే ఒక్క నంబర్ కింద 4096 దాకా సర్దుకుంటాయి. ఒక ఇంటి నంబర్‌కు బై వేసి పోర్షన్లు చేసినట్టు.

మైన్‌క్రాఫ్ట్ ఆడే తమ్ముళ్లకు రెండు మాటలు, ఆ దారి వేరు. అది జావా. మెషీన్‌లో ఎంతున్నా, ఎక్స్ఎంఎక్స్ అని రాసిన దగ్గర ఎంత ఇస్తే అంతే వాడుతుంది. పెద్ద మాడ్‌ప్యాక్‌లకు మొదట్లో ఇచ్చిన 1 జీబీ చాలేది కాదు. దాన్ని పెంచినా జావా 7లో పర్మ్‌జెన్ అని ఇంకో చిన్న డబ్బా ఉండేది, మాడ్‌లు ఎక్కువైతే అది నిండి ఆట చచ్చేది. 2014లో జావా 8 ఆ డబ్బానే తీసేసింది. ఇక్కడ ఎక్కువ ఇచ్చినా ముప్పే. ఉన్న 8లో 7 ఇచ్చేస్తే విండోస్‌కు ఊపిరాడదు. పైగా జావా చెత్త పోగయ్యాక ఒక్కసారిగా ఊడుస్తుంది, గది పెద్దదైతే ఊడ్చే సేపు ఆట బిగుసుకుపోతుంది.

గోడలన్నీ ఎవరో ఒకరు "ఇంత చాల్లే" అనుకున్న దగ్గరే ఉన్నాయని చిన్నోడే ఒకసారి అన్నాడు. ఆ తర్వాత వాడు వెతికిన ఇంకో సంగతి ఉంది. ఆటల నుంచి కొంచెం పక్కకు పోతుంది, అయినా మన గ్రూపుకు చెప్పకుండా ఉండలేం. యూనికోడ్ 1991లో వచ్చినప్పుడు లోకంలో అక్షరాలన్నిటికీ 16 గడులు, అంటే 65,536 నంబర్లు చాలనుకున్నారు. 1996లో చాలవని ఒప్పుకుని పైకి పెంచారు. తెలుగు 'అ' నంబర్ 3077, హాయిగా లోపలే ఉంది. సంతాలీల ఓల్ చికీ 2008లో చేరింది, అదీ లోపలే. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊరి రాతప్రతుల్లో దొరికిన గోండి లిపి 2018లో చేరింది. అందులో 'అ' నంబర్ 73,056. మున్షీ మంగళ్ సింగ్ మసరాం 1918లో చేసిన ఇంకో గోండి లిపి 2017లో చేరింది, దాని 'అ' 72,960. రెండూ గీత అవతలే. అవతల ఉన్నదాన్ని జావాలాంటి పద్ధతులు 16 గడుల డబ్బాలు రెండు జతచేసి రాస్తాయి. ఆ జతను గుర్తుపట్టేలా ప్రోగ్రాం రాయకపోతే అక్షరం బదులు రెండు ఖాళీ చతురస్రాలు కనిపిస్తాయి. ఆటలో బోర్డు మీద ఊరి పేరు ఆ లిపిలో రాద్దామని చిన్నోడు ప్రయత్నించినప్పుడు వచ్చినవి అవే. "అన్నా, మనది గుడిసె కట్టొచ్చు, గుడిసె మీద పేరే రాయరాదు" అన్నాడు. చివరికి పేరును బొమ్మగా గీసి, బోర్డుకు టెక్స్‌చర్‌గా అంటించాడు. 512 బై 512, పావు ఎంబీ.

మా స్కైరిమ్ చివరికి ఎట్ల నిలబడిందంటే, యూగ్రిడ్స్ మళ్లీ 5కి తెచ్చి, కొత్త సేవ్‌తో మొదలుపెట్టాం. పాత సేవ్ 9కి అలవాటు పడింది, తగ్గిస్తే తెరుచుకోదు. ఎనభై గంటల ఆట అట్ల పోయింది. దగ్గర నుంచి చూసేవాటికి టూకే బొమ్మలు, మిగతా అన్నిటికీ వన్‌కే. ఏది కుదించాలో చిన్నోడు నోటుబుక్‌లో నాలుగు పేజీల లిస్టు రాశాడు. అరవై మూడు మాడ్‌లతో, ఆ కొండ దగ్గర మూడు గంటలు తిరిగినా పడిపోలేదు. ఆ రాత్రి పెద్దోడు వాడికి మౌస్ ఇచ్చి, "తమ్మీ, ఆ 9 పెట్టింది నేనే" అన్నాడు. వాడు "తెలుసన్నా, ఫైల్‌లో డేట్ ఉంటది" అన్నాడు. మొదటి వారమే చూశాడంట.

అడిగిన తమ్ముడికి జవాబు: ముందు నీ విండోస్ 32 బిట్‌దా 64 బిట్‌దా చూడు, తర్వాత ఆట ఎక్స్ఈ ఎన్ని బిట్లదో చూడు, ఫోర్‌కే బొమ్మలు తీసెయ్. ఇవి మూడూ అయ్యాకే ర్యామ్ మాట. అప్పటికీ కావాలనుకుంటే మేం కొన్న ఆ 4 జీబీ డీడీఆర్3 స్టిక్ ఇంకా మా దగ్గరే ఉంది. సిస్టం పోయింది గానీ స్టిక్ బాగానే ఉంది. నీ బోర్డుకు డీడీఆర్3 పడుతుందో లేదో చూసుకుని చెప్పు, బస్సులో పంపిస్తాం.